ఎవరి తప్పు ఎవరు దిద్దాలి?

ఏడో తరగతిలో నాకు పడ్డ పేరు 'బారతం'. ఇప్పటికీ ఆ బళ్లో నాతో చదివినోళ్లు ఎవరైనా బస్టాండులో కనపడితే ఆ పేరుతోనే పిలుస్తారు. ప్రేమగానే పిలుస్తారు. నేనూ నవ్వుతూనే పలుకుతా.

ఆ పేరు ఎట్టా వచ్చిందో చెప్తా. పొద్దున్నే బడి ముందు అందర్నీ వరసలో నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించేవాళ్లు. రోజుకొకరు ముందుకొచ్చి చెప్పాలి, మిగతావాళ్లు వెనకాల అనాలి. ఈ దేశంలో పుట్టినవాళ్లమంతా అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం అని చెప్పే ప్రతిజ్ఞ. ఆ రోజు నా వంతు. మా మాదిగపల్లె నుంచి ఏడో తరగతి దాకా వచ్చినోళ్లం ముగ్గురమే. రాత్రంతా అమ్మ ముందు నిలబడి బట్టీపట్టా. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా 'బాగా జెప్పావురా' అంది. పొద్దున మొదటి మాట అన్నానో లేదో తెలుగు మేష్టారు చెయ్యెత్తి ఆపాడు. "బా కాదురా, భా. పొట్టలోంచి రావాలి. ఏదీ, అను." అన్నా. బా అనే వచ్చింది. "మళ్లీ." మళ్లీ అన్నా. బడంతా నిలబడి చూస్తుండగా పదిసార్లు అనిపించాడు. నవ్వులు ముందు వరసలో మొదలై వెనక్కి పోయాయి. చివరికి ఆయనే విసుగుపుట్టి, "వీళ్ల వాడల్లో నాలుకలు తిరగవులే" అని ఇంకో అబ్బాయిని పిలిచాడు. అందరం అన్నదమ్ములమని ఆ అబ్బాయి చెప్పాడు. నేను వరసలోకి పోయి వెనకాల అన్నా.

ఆయన చెడ్డవాడేం కాదు. మమ్మల్ని కొట్టలేదు, వేరే బెంచీ మీద కూచోబెట్టలేదు. పిల్లాడి తప్పు దిద్దాడు, అంతే. తప్పు దిద్దటం తప్పెట్టా అవుతుంది? ఈ ప్రశ్నని నేను ముప్పై ఏళ్లుగా మోస్తున్నా. ఎందుకంటే తర్వాత నేనూ తెలుగు మేష్టర్నే అయ్యా. ఎర్ర సిరా పెన్ను నా జేబులోకీ వచ్చింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మనవాళ్లు దాన్ని అంతగా పట్టించుకోరు. ఎనిమిదిలో సాంఘిక సంక్షేమ హాస్టలుకి పోయా. అక్కడి హైస్కూల్లో ఇంకో పంతులు. ఈయన మా నోట్సుల్లో ఒక్క తప్పు కూడా దిద్దేవాడు కాదు. పేజీకి అడ్డంగా ఒక గీత, కింద ఒక సంతకం. ఊళ్లో పిల్లల నోట్సుల నిండా ఎర్ర సున్నాలు, కొట్టివేతలు, పక్కన సరైన మాటలు. మా హాస్టలు పిల్లల నోట్సులు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉండేవి. మాకు తప్పులే రావట్లేదని మురిసిపోయాం. పదో తరగతి పరీక్షల్లో మావాళ్లు సగం మంది తెలుగులోనే పోయాక తెలిసింది ఆ తెల్లదనం అర్థం ఏందో. 'వీళ్లకు ఇది చాల్లే' అనుకోబట్టి దిద్దలేదు. మొదటాయన నవ్వులపాలు చేశాడు. రెండో ఆయన ఎప్పుడో వదిలేశాడు. ఏది ఎక్కువ అవమానం అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

నన్ను నిజంగా దిద్దింది హాస్టల్లో ఉండే ఒక అన్న. ఐటిఐ చదివేవాడు. రాత్రి దీపాలు ఆర్పేముందు నా నోట్సు అడిగి తీసుకొని, ముందు రాసిందంతా చదివేవాడు. 'మీ నాయన చెప్పులు కుట్టే సంగతి భలే రాశావురా, ఆరె ఎట్టా పట్టుకుంటాడో కూడా రాయి' అనేవాడు. ఆ తర్వాతే పెన్సిలు తీసేవాడు. పెన్ను కాదు, పెన్సిలు. 'ఎందుకన్నా?' అంటే, 'నువ్వు దిద్దుకున్నాక రబ్బరుతో తుడుపుకో. తప్పు రాశావని ఎవురికీ తెలవనక్కర్లా' అన్నాడు. ఆ అన్న ఏ వ్యాకరణమూ చదవలేదు. ఆయనకి కూడా వత్తులు సరిగ్గా రావు. ఇద్దరం కలిసి శబ్దరత్నాకరంలో వెతుక్కునేవాళ్లం.

తెలుగు పండిత శిక్షణకి పోయినప్పుడు బాలవ్యాకరణం చేతికొచ్చింది. పరవస్తు చిన్నయసూరి 1858లో అచ్చువేసిన పుస్తకం. తెలుగు ఇట్టా ఉండాలని తీర్పు చెప్పిన పుస్తకం అని మా గురువులు చేతులు జోడించి చెప్పేవాళ్లు. (సూరి గారు బ్రాహ్మణ కులంలో పుట్టినాయన కాదన్న సంగతి మాత్రం చెప్పేవాళ్లు కాదు.) లక్షణానికి విరుద్ధమైన భాషని గ్రామ్యం అంటారని అందులో ఉంది. అంటే మా అమ్మ భాష. సరే. ఆ పుస్తకం మొదట్లోనే, సంజ్ఞా పరిచ్ఛేదంలో, నేను రెండుసార్లు కళ్లు నులుముకొని చదివిన సంగతి ఇంకోటి ఉంది. సంస్కృతానికి వర్ణాలు యాభై, ప్రాకృతానికి నలభై, తెలుగుకి ముప్పై ఆరు. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ, వాటితో పాటు శ, ష కూడా, తెలుగుకి సొంతం కావు. సంస్కృతం నుంచి వచ్చిన మాటల వెంట వచ్చి తెలుగులో వ్యవహారమయ్యాయి, అంతే.

భ లేదు! ఏడో తరగతిలో నా పొట్టలోంచి రాని అక్షరం తెలుగు అక్షరమే కాదని, తెలుగుకి శాసనం రాసిన మనిషే రాసిపెట్టాడు. ఆ రోజు ప్రార్థన దగ్గర తెలుగు మాట్లాడింది నేనే. మేష్టారు నాతో సంస్కృతం పలికించబోయాడు, నేను పలకలేదు. ఈ సంగతి తెలిసిన రాత్రి హాస్టలు గదిలో ఒక్కణ్ణే పిచ్చోడిలా నవ్వుకున్నా.

అయితే అబద్ధం ఆడకూడదు. మా పల్లెలో 'నీల్లు' అంటాం, 'పెల్లి' అంటాం. ళ, ణ మాత్రం ఆ ముప్పై ఆరులోనే ఉన్నాయి. వాటి విషయంలో సూరి గారు నన్ను కాపాడడు. కాపాడనక్కర్లేదు కూడా. మా ఊళ్లో ఆసామి కూడా 'నీల్లు' అనే అంటాడు. 'సూత్తన్నా', 'వత్తన్నా' అనే అంటాడు. ఆయన అంటే అది యాస, మట్టి వాసన, సినిమాలో పెడితే చప్పట్లు. అదే మాట నా నోట్లోంచి వస్తే తప్పు. మాట ఒకటే, దిద్దే చెయ్యి మాత్రం నా మీదికే లేస్తుంది. ఆ ఆసామిని మా మేష్టారు ఏనాడన్నా 'ళ అనండి' అన్నాడా? ఆయన చేలోంచి వచ్చిన బియ్యం తింటూ ఎట్టా అంటాడు?

గిడుగు రామమూర్తి పంతులు గారిని తల్చుకోకుండా ఈ ముచ్చట సాగదు. 1910ల నుంచి పండితులతో తలపడ్డ మనిషి. గ్రాంథికమే రాయాలని ఊళ్లోవాళ్లకి చెప్పే పండితులు తామే ఆ గ్రాంథికాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని, వాళ్ల పుస్తకాల్లోంచే తప్పులు ఏరి, 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' అని పుస్తకమే వేశాడు. దిద్దేవాళ్లని దిద్దాడు. సవరల భాష నేర్చుకొని వాళ్ల భాషలోనే వాళ్లకి చదువు చెప్పించాలని పూనుకున్నాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మా బళ్లో తెలుగు భాషా దినోత్సవంగా నేనే జరిపిస్తా. దండ వేస్తా. కానీ ఆయన గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని. శిష్టులంటే ఎవరు? మా పెద్దమ్మ శిష్టురాలా? గేటు కొంచెం ముందుకి జరిగింది, అంతే. కాపలా అట్టాగే ఉంది. మేం గేటు బయటే ఉన్నాం.

అంబేద్కర్‌ని చూడండి. హైస్కూల్లో సంస్కృతం చదువుకుంటానంటే అంటరానివాడికి చెప్పమన్నారు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. అంటే తప్పు చేసే అవకాశం కూడా ఇవ్వలేదు. తప్పు చెయ్యాలన్నా ముందు లోపలికి రానివ్వాలి గదా. జాషువాని చూడండి. గణం తప్పకుండా, యతి తప్పకుండా పద్యాలు రాశాడు. వ్యాకరణం పట్టుకొని ఆయన్ని ఆపే దారి లేదు. అయినా ఆపారు. పద్యం ఎంత బాగున్నా రాసినోడి కులం ఏందని అడిగి అవమానించారు. అక్షరాలన్నీ సరిగ్గా పలికితే ఏదో ఒకనాడు లోపలికి రానిస్తారని మా హాస్టలు పిల్లలకి చెప్పే ముందు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఇదంతా ఎదుటివాళ్ల మీద కోపం. తేలిక. ఇప్పుడు నా సంగతి చెప్తా.

1994 ఎండాకాలం. మా పల్లెలో బోరు ఎండిపోయి, ఊళ్లో పంపు దగ్గరికి మావాళ్లు నీళ్లకి పోతున్నారు. ఊరోళ్ల బిందెలన్నీ నిండాకే మా బిందెలు పెట్టాలి. ఒకరోజు మా పెద్దమ్మ వరసలో తన వంతు రాగానే బిందె పెట్టింది. ఒకాయన ఆ బిందెని కాలితో తన్నాడు. అనరాని మాటలన్నాడు. పెద్దమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చింది. 'అబ్బయ్యా, ఠేషన్లో కంప్లేంటు ఇయ్యాల, రాయి' అంది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది. పల్లెలో రాయగలిగినోణ్ణి నేనే.

పెద్దమ్మ చెప్పింది ఇదీ: "నేను పంపు కాడ బిందె పెట్టినాక ఆయన వచ్చి, 'ఏమే మాదిగ ముండా, మా బిందెల ముందు నీ బిందె పెట్టేదానివయ్యావా' అని తన్నినాడు. నడి బజాట్లో. కొట్టుకాడ కోమటాయన సూత్తండాడు, బస్సు కోసరం నిలబడ్డోల్లు సూత్తండారు, ఆయన పెల్లాం గూడా అరుగు మీద నుంచి సూత్తానే ఉంది. ఒక్కురూ నోరు ఎత్తలా."

నేను రాసింది ఇదీ: "సదరు వ్యక్తి నన్ను కులము పేరుతో అసభ్య పదజాలముతో దూషించి, నా ఆత్మగౌరవమునకు భంగము కలిగించి, నా బిందెను ధ్వంసము చేసినాడు. కావున విచారించి తగు చర్య తీసుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాను."

వత్తులన్నీ పడ్డాయి. ఒక్క గ్రామ్యం లేదు. మా ఏడో తరగతి మేష్టారు చూస్తే భుజం తట్టేవాడు. నిజం చెప్పాలంటే రాసేటప్పుడు నా మనసులో ఉన్నది ఆ ఎస్సై. ఈ కాయితం చూసి మమ్మల్ని చదువురానోళ్లు అనుకోకూడదు. ఆ బూతుమాట నా చేతి రాతలో ఉండకూడదు. కోమటాయన, అరుగు, బస్సు ఇవన్నీ పల్లె కబుర్లు, అర్జీలో ఎందుకు?

చదివి వినిపించా. పెద్దమ్మ విని కాసేపు ఊరుకుంది. "బాగుంది గానీ అబ్బయ్యా, ఇది నేను జెప్పింది కాదు గదా" అంది. "రాతలో ఇట్టాగే ఉండాలి పెద్దమ్మా" అన్నా. "అట్నా" అని వేలిముద్ర వేసింది.

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. అప్పట్లో మావాళ్లందరి నోట్లో నానిన సెక్షను 3(1)(10). అందరూ చూసే చోట, అవమానపరచాలనే ఉద్దేశంతో అవమానించటం నేరం అని దాని సారం. 2016లో అమల్లోకొచ్చిన సవరణతో ఆ సెక్షను నంబరు మారింది, కులం పేరుతో తిట్టటాన్ని విడిగా కూడా రాశారు. 'అందరూ చూసే చోట' అన్న షరతు మాత్రం అట్టాగే ఉంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు ఎవరూ లేనప్పుడు అన్న మాటలు దీని కిందికి రావని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కాబట్టి కేసు మొత్తం రెండు సంగతుల మీద నిలబడుతుంది: ఏ మాట అన్నాడు, ఎవరి ముందు అన్నాడు. మా పెద్దమ్మ ఆ రెండూ చెప్పింది. ఏ చట్టమూ చదవకుండా, ఒక్క ఊపిరిలో, సాక్షులతో సహా చెప్పింది. ఆ రెండింటినీ నేను దిద్దేశాను.

టౌన్లో మావాళ్లలోనే ఒక లాయరు ఆ కాయితం నకలు చూసి తల పట్టుకున్నాడు. "ఏ మాట అన్నాడో ఎక్కడుందయ్యా ఇందులో? ఎక్కడ అన్నాడో ఏదీ? ఎవురు రాశారు ఇది?" అన్నాడు. నేనే అని చెప్పటానికి గొంతు పెగల్లేదు. నాలుగేళ్ల తర్వాత కోర్టులో పెద్దమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి లాయరు నా కాయితం చేత్తో పట్టుకొని, "నువ్వు ఇచ్చిన ఫిర్యాదులో పంపు లేదు, బజారు లేదు, ఈ మాట లేదు, సాక్షులు లేరు. ఇవన్నీ తర్వాత ఎవరో నేర్పితే చెప్తున్నావు" అన్నాడు. మొదటి కాయితంలో లేనిది తర్వాత చెప్తే కల్పించినట్టే చూస్తారు కోర్టుల్లో. పెద్దమ్మ బోనులోంచి నా వైపు చూసింది. 'ఆ అబ్బయ్య రాశాడు' అని ఒక్కమాట అనొచ్చు. అనలేదు. కేసు కొట్టేశారు. కాయితం సరిగా ఉన్నా శిక్ష పడేదో లేదో నాకు తెలియదు, ఊరోళ్ల సాక్ష్యాలు ఎట్టా ఉంటాయో మనకు తెలియంది కాదు. కానీ ఆ సాకు వాళ్లకి అందించింది నేను.

ఒక సంగతి తర్వాత తెలిసి ఇంకా కుంగిపోయా. నోటితో చెప్పిన ఫిర్యాదుని పోలీసులే రాసుకొని, రాసింది చెప్పినవాళ్లకి చదివి వినిపించాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 154వ సెక్షనులో ఉంది. 2024 జూలైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో కూడా ఉంది. అంటే ఆ మాటని ఆ నోటిదిగానే ఉంచాలని చట్టానికి కూడా తెలుసు. తెలియంది తెలుగు పండితుడికే.

అప్పటి నుంచి ఎవరి మాటనైనా దిద్దబోయే ముందు నాకు నేను ఒకటి అడుక్కుంటా: ఈ మనిషి చెప్పిందానికి నేను జవాబు చెప్పానా? జవాబు చెప్పకుండా ముందు వత్తు గురించి మాట్లాడుతున్నానంటే జవాబు ఎగ్గొడుతున్నానన్నమాటే. మన సభల్లోనూ ఇది చూశా. ఒక అమ్మాయి మైకు పట్టుకొని కమిటీల్లో ఆడవాళ్లు ఎందుకు లేరని అడుగుతుంటే, పక్కనున్న నాయకుడు 'అద్యక్సులు కాదమ్మా, అధ్యక్షులు' అని నవ్వుతూ అందించాడు. జనం నవ్వారు. ఆ అమ్మాయి మాట సరిచేసుకొని చెప్పి కూచుంది. ప్రశ్న అక్కడే పడిపోయింది. ఆయన పక్కా అంబేద్కరిస్టు. నేనూ నవ్వినోళ్లలో ఉన్నా.

మరి దిద్దకుండా ఉండగలనా? హాస్టల్లో దిద్దని పంతులు గుర్తొస్తాడు. పోయినేడాది ఒక యానాది పిల్ల, తొమ్మిదో తరగతి, వాళ్ల నాయన చేపలు పట్టేదాని గురించి వ్యాసం రాసుకొచ్చింది. ముందు మొత్తం చదివా. మావు ఎట్టా పెడతారో రెండు ప్రశ్నలు అడిగా. తర్వాత పెన్సిలు తీశా. 'మద్యాన్నం'కి వత్తు పెట్టా. 'నీల్లు'ని 'నీళ్లు' చేశా. వాళ్ల అమ్మ మాట్లాడిన మాటల జోలికి పోలేదు, అవి అట్టాగే ఉండాలని చెప్పా. ఆ పిల్ల నోట్సు చూసుకొని అడిగింది:

"సార్, మొన్న భ, ధ తెలుగు అక్షరాలు కాదని మీరే చెప్పారు గదా. మరి ఇక్కడ ధ ఎందుకు పెట్టారు?"

"పరీక్షలో మార్కులు కోస్తారమ్మా."

"కోసేవాళ్లది తప్పు గదా సార్?"

"వాళ్లదే."

"మరి నన్నెందుకు దిద్దారు?"

నా దగ్గర సమాధానం లేదు. టెన్త్ దాటాలి, డీఎస్సీ రాయాలి, గ్రూపులు రాయాలి, ఆ పేపర్లు దిద్దేవాళ్లని ఇప్పటికిప్పుడు నువ్వూ నేనూ మార్చలేం అని ఏదో చెప్పా. ఆ పిల్ల తలూపింది గానీ ఒప్పుకోలేదు. నేనూ నన్ను ఒప్పించుకోలేకపోయా. అన్యాయమని తెలిసిన రూలుని రోజూ నేర్పుతూ జీతం తీసుకుంటున్నా. కనీసం అది రూలేనని, నిజం కాదని చెప్పి నేర్పుతున్నా. దానితో నా చేతులు కడుక్కున్నట్టు కాదని తెలుసు.

పెద్దమ్మ బతికున్నప్పుడు, ఆ కేసు కొట్టేసిన చాలా ఏళ్లకి, మళ్లీ ఒకసారి కాయితం రాయమని వచ్చింది. వృద్ధాప్య పింఛను పేర్లలో తన పేరు పోయింది, మండలాఫీసులో అర్జీ పెట్టాలి. అరుగు మీద కూచుంది. "ఈసారి నేను జెప్పింది జెప్పినట్టు రాయి అబ్బయ్యా" అంది. పాత సంగతి ఎత్తటం అదొక్కసారే.

"అయ్యా, నాకు కండ్లు ఆనటంలా. పనికి పోలేకపోతన్నా. కొడుకు పట్నం పోయి రెండేండ్లాయె, రాలా. పోయిన నెల దాకా పించను ఇచ్చినారు, ఈ నెల నీ పేరు లేదు పో అన్నారు. నేను సావలేదు గదా అయ్యా."

రాశా. 'కండ్లు' దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. ముందుకి పోనిచ్చా.

"మల్లీ సదువు" అంది. చదివా.

"ఆనటంలా అనే రాశావా?"

"అట్టాగే రాశా పెద్దమ్మా."

"సావలేదు గదా అని రాశావా?"

"రాశా."

సిరా డబ్బా కోసం చెయ్యి చాపింది.